207లో చేపల వాసన

తిరుచానూరులో ఒక లాడ్జీ. రెండో అంతస్తు, 207వ గది, మధ్యాహ్నం. లోపల ఇద్దరే: లాడ్జీ నడిపే నాగవేణి, దానికి వైరింగ్ చేసిన ఢిల్లీబాబు.

“చెయ్యి పెట్టు.”

“పెట్టినా గదక్కా.”

“కిటికీ కాడ పెడితే సల్లగానే ఉంటాది. ఈడ పెట్టు, స్విచ్చి బోర్డు పైన. అరచెయ్యి ఆనించు.”

“అబ్బా!”

“ఏమైంది?”

“ఏం కాలా. రవ్వంత వెచ్చగుండాది. పడమటి గోడ గదా, ఎండ కొడతాది.”

“పడమర ఆ పక్క. ఇది బాత్రూం గోడ. దీనికి ఎండ యాణ్ణుంచి వస్తాది, కొళాయిలోనుంచా?”

“గీజరు వేడేమో.”

“గీజరు ఆ మూలనుండాది. కతలు పడొద్దు ఢిల్లీ. ఈ గోడ మీద దోసె పోసుకోవచ్చు. ఇప్పుడు ముక్కు పెట్టు. ఏం వాసన?”

“పెయింటు…”

“థూ. పెయింటు ఇట్ల కంపు కొడతాదా? సరిగ్గా పీల్చి చెప్పు.”

“ఎండుచేపల మాదిరి ఉండాదక్కా.”

“ఆఁ, అదీ మాట. అమ్మవారి గోపురం కిటికీలో కనపడే రూములో, ఉల్లిపాయ గూడా ముట్టకుండా దర్శనానికి వచ్చేవాళ్ళు పడుకునే రూములో, ఎండుచేపలు కాల్చిన కంపు. మొన్న కుంభకోణం నుంచి ఒక అయ్యవారు కుటుంబంతో వచ్చినాడు. సంచులు కింద పెట్టకముందే ముక్కుకు పైపంచె అడ్డం పెట్టుకోని మెట్లు దిగిపోయినాడు. పోతా పోతా నా మొకం సూసి ‘ఛీ’ అన్నాడు. నా లాడ్జీలో, నా మొకం సూసి.”

“అదంతా ఇమ్మానుయేల్ పనే గదక్కా? మీ కాడ రూములు ఊడ్చేవాడు. దొంగతనంగా ఈడ ఎండుచేపలు కాల్చుకుంటా ఉంటే బావ పట్టుకున్నాడంట, నువ్వు గెంటేసినావంట. మా ఈదిలో గూడా చెప్పుకున్నారు.”

“గెంటేసినా. చాప, దుప్పటి రోడ్డు మీదికి ఇసిరినా. వాడు పడుకునే చోట పసుపునీళ్ళు చల్లినా. ఈ రూము ఫినాయిలేసి కడిగించినా, సాంబ్రాణి పట్టినా, సున్నం గూడా కొట్టించినా. వాడు పోయి నెల దాటింది. మరి ఇప్పుడెవురు కాలస్తా ఉండారు చేపలు? గోడలో ఎలుకలా?”

“గోడలోకి ఇంకిపోయుంటాదక్కా. చేపల వాసన అంత బిన్నా పోదు. మా అత్తోళ్ళింట్లో ఒకసారి…”

“మీ అత్తోళ్ళిల్లు తర్వాత. ఇంకిపోయిన వాసన ఏసీ ఏస్తేనే వస్తాదా? ఆపితే పోతాదా?”

“అట్ల గూడా ఉంటాదా?”

“పొద్దున్నుంచి నాకు ఇదే పని. ఏసీ ఏస్తే కంపు. ఆపితే కాసేపటికి పోతాది. ఏసీతో పాటు గీజరేస్తే గోడ పెనం మాదిరి కాలతాది.”

“అట్లయితే రోగం ఏసీలోనే ఉండాది! దానికి ఏసీ మెకానిక్కును పిలవాల గానీ నన్నెందుకు చంద్రగిరి నుంచి పరిగెత్తించినావు? అన్నం గూడా సగంలో వదిలేసి వచ్చినా. పోయొస్తానక్కా.”

“కూచో. మెకానిక్కు నిన్ననే వచ్చినాడు. ఈ రూము ఏసీ ఇప్పి 301లో పెట్టించినా. 301 ఏసీ తెచ్చి ఈడ పెట్టించినా. ఈడ కంపు కొట్టిన ఏసీ ఆడ సల్లగా, కిమ్మనకుండా తిరగతా ఉండాది. ఆడ బాగా తిరిగిన ఏసీ ఈడికొచ్చి చేపలు కాలస్తా ఉండాది. రోగం ఏసీది కాదు.”

“నువ్వు ఇంజనీరువు కావాల్సిందక్కా.”

“నవ్వొద్దు. ఏ వైరేసినావు?”

“ఆఁ?”

“ఈ రూములో ఏసీకి, గీజరుకు ఏ సైజు వైరేసినావు?”

“ఏ సైజంటే… నాలుగు ఎమ్మెమ్. ఏసీ రూముకు ఎవురైనా అదే గదా ఏసేది.”

“నాలుగేనా?”

“నాలుగే. అమ్మవా… నాలుగే అక్కా.”

“అమ్మవారి పేరు సగంలో మింగినావే.”

“చిన్నదానికీ పెద్దదానికీ ఆమెనెందుకు లాగేది?”

“బోర్డు ఇప్పు.”

“కరెంటుంటాదక్కా.”

“అంతదాకా ఏసీ, గీజరు ఏసే పెట్టినా, నువ్వు మెట్లెక్కతా ఉంటేనే ఈ అంతస్తుకు తీసేసినా. ఫాను తిరగతా ఉండాదా సూడు.”

“టెస్టరు తేలేదే.”

“జేబులో నిక్కి సూస్తా ఉండేదేంది, దువ్వెనా?”

“సరే సరే, ఇప్పతా. ఎట్లుండే అక్క ఎట్లయిపోయినావు! ఇదో, సూడు. నీ కండ్లతో నువ్వే సూడు. ఎర్రగా, లావుగా. నాలుగు అని దాని మీదనే అచ్చేసుండాది. చదువుకో.”

“చదివినా. బయట వరండాలో పెట్టె గూడా తెరిచి సూసినా. ఆడా లావుదే, ఈడా లావుదే.”

“మరింగేంది? ఈ కొసా సూసినావు, ఆ కొసా సూసినావు. మీ అమ్మ శకుంతలమ్మ చేతి సద్ది తిని పెరిగినోణ్ణి నేను. నిన్ను యామారిస్తానా?”

“కొసలు సూసినా. మధ్యలో సూడలా.”

“మధ్యలో గోడ గదక్కా.”

“లాగు.”

“ఏంది లాగేది?”

“వైరు. పట్టుకోని లాగు. నాలుగే అయితే గోడలోనుంచి నాలుగే వస్తాది.”

“అట్ల లాగకూడదు. పైపులో వంపులుంటాయి. బాత్రూం టైల్సు పగలతాయి. పైగా నా చెయ్యి సూడు, ఇరిగితే కట్టిన పుత్తూరు కట్టు మొన్ననే ఇప్పించుకున్నా. బరువు లాగొద్దని మరీ మరీ చెప్పినారు.”

“ఆ చేత్తోనే గదా ఇంత దూరం బండి తిప్పుకోని వచ్చింది?”

“బండి వేరు, వైరు వేరు.”

“జరుగు.”

“అక్కా, వద్దు. పెళ్ళోళ్ళు దిగే పొద్దు గోడ పాడు చేసుకోవద్దు. బావ తిడతాడు.”

“మీ బావ ఈడ లేడు. ధనంజయన్న కూతురి పెళ్ళిబస్సును ఎంటబెట్టుకోని రావడానికి చిత్తూరు పోయినాడు. జరగమంటినా!”

“చీరకు మసి అంటతాది…”

“థూ, జరగరా.”

“నిదానం అక్కా.”

“రావడం లేదే. అంటుకోనుండాది. నువ్వు నిజంగా నాలుగే ఏసుంటే ఇట్ల పట్టుకుంటాదా? ఇదో… కదిలింది. వస్తా ఉండాది.”

“ఇంగ సాలక్కా.”

“మూరెడు వచ్చింది. లావుదే. నువ్వు చెప్పింది నిజమే ఇంతవరకు. ఇదేంది?”

“టేపు.”

“గోడ లోపల టేపెందుకుండాది?”

“జాయింటు పడుంటాది. ఒక్కోసారి పడతాది.”

“నల్లగా మాడిపోయుండాది. జిగట… అబ్బ, వేలికంటుకుంది. ఇదే ఢిల్లీ! ఇదే కంపు! థూ, థూ! చేపా లేదు, గీపా లేదు. వైరు తొడుగు మాడే కంపు ఇది.”

“ముందు చెయ్యి కడుక్కో అక్కా.”

“టేపుకు అవతల ఏముండాదో సూడు. నువ్వే నీ నోటితో చెప్పు. ఇది నాలుగా?”

“మసి పట్టుండాది, కనపడ్డం లేదక్కా.”

“నీ పని ఇది. చెప్పు.”

“ఒకటి.”

“గట్టిగా.”

“ఒకటి ఎమ్మెమ్.”

“ఒకటి దేనికేస్తారు?”

“లైటుకు, ఫానుకు.”

“ఏసీకి?”

“ఎయ్యకూడదు.”

“ఏసీ, గీజరు రెండూ దీని మీదనే ఏస్తే?”

“నాకు తెలీదా అక్కా…”

“తెలుసు గాబట్టే అడగతా ఉండా. ఏమవతాది?”

“షేరు ఆటోలో ఊరంతా ఎక్కినట్టు. కొన్నాళ్ళు ఈడస్తాది. వైరు వేడెక్కతాది, తొడుగు మెత్తబడతాది, మాడతాది. జాయింటు కాడ ఇంగా ఎక్కువ. మాడి మాడి… ఒకనాడు అంటుకుంటాది.”

“యాడ? మంచం తలకాడ. దిండుకు, కర్టెనుకు జానెడు దూరంలో.”

“అట్ల భయపెట్టొద్దక్కా.”

“భయం కాదురా నాకు. అసయ్యం. రెండు కొసలా మూరెడు మూరెడు మంచి వైరు, సూసేవాడి కండ్లకు. నడుమ అంతా ఈ దరిద్రం. శవానికి పట్టుచీర కట్టి కూచోబెట్టినారు నా గోడల్లో.”

“నేనొక్కణ్ణే కాదక్కా ఈ పని చేసేది…”

“మిగతావాళ్ళ సంగతి నాకెందుకు? నాకొక్కటే చెప్పు. పొద్దుగూకే లోపల బస్సు వస్తాది. ముసలోళ్ళు, చంటిబిడ్డలు, నెలలు నిండిన ఆడబిడ్డ గూడా ఒకతి ఉండాదంట. ప్రతి రూములో ఏసీ ఏసుకోని పడుకుంటారు. తెల్లారుజామున ముహూర్తం, అందరూ ఒకేసారి గీజరేస్తారు. వాళ్ళకు రూములియ్యొచ్చా, ఇయ్యకూడదా? ఈ ఒక్క రూమేనా ఇట్ల, అన్నీనా?”

“ఈ ఒక్కటే.”

“అంత బిన్నా వచ్చిందే జవాబు.”

“ఈ ఒక్కటే అక్కా. కడాన వైరు తక్కువ పడింది, అతికించినా. తప్పే, కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా. 207కు తాళమేసి మిగతావన్నీ ఇచ్చెయ్. రేపే వచ్చి మార్చేస్తా.”

“తక్కువెట్ల పడతాది? వైరు కాయిళ్ళు కింద రూములో నా ఎత్తు పేర్చుంటే, పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది నేనే గదా? వాటి మీద నాలుగు అని అచ్చేసుండింది గూడా సూసినా. ఆ కాయిళ్ళు యాడికి పోయినాయి?”

“పాత సంగతి, గుర్తులేదక్కా.”

“గుర్తుండాది. నీ చెవులు ఎర్రబడినాయి. చిన్నప్పుడు మా అమ్మ ఊరగాయ జాడీలో చెయ్యి పెట్టి దొరికిపోయినప్పుడూ ఇట్లే ఎర్రబడతా ఉండె.”

“కిందికి పోయి టేపు తెస్తా. బండిలో ఉండాది.”

“కింద బల్ల మీద పెట్టినావే, ఆ బండి తాళం నా నడుములో ఉండాది.”

“అక్కా!”

“కూచో. ఇదో, పొద్దున గుడిలో ఇచ్చిన కుంకుమ. అమ్మవారి పాదాల కాడిది. నీ అరచేతిలో పోస్తా. ‘ఈ ఒక్క రూమే’ అను. నమ్ముతా. తాళమిచ్చి పంపిస్తా. చెయ్యి సాపు.”

“చెయ్యి మాసుండాదక్కా.”

“సాపరా.”

“నా వల్ల కాదు. నా బిడ్డకు ఇంగా చెవులు గూడా కుట్టించలా. నా వల్ల కాదు.”

“అయితే ఎన్ని రూములు?”

“నన్నడగొద్దు. బావనడుగు.”

“బావనెందుకు? వైరింగు చేసింది నువ్వు.”

“చేసింది నేనే. చెయ్యమన్నది…”

“చెయ్యమన్నది?”

“ఏం లేదు.”

“ఢిల్లీ, ఇదే రూములో నిన్ను పెట్టి తాళమేసి, కరెంటిచ్చి, ఏసీ ఏసి పోతా.”

“కాయిళ్ళు అంగడికి ఎనక్కి పోయినాయక్కా! నువ్వు కొబ్బరికాయ కొట్టిన మర్నాడే. వాటికి బదులు సన్నవి వచ్చినాయి. మిగిలిన డబ్బుతో ముందర హాల్లో గ్రానైటేసినారు, ఆ మెరిసే పేరు బోర్డు పెట్టినారు. ‘గ్రానైటయితే లోపలికి కాలు పెట్టినోడల్లా సూస్తాడు, గోడలో వైరు ఎవుడు సూస్తాడు’ అన్నాడు బావ. కొసలకు మాత్రం లావుది ఉంచమన్నాడు.”

“ఆ గ్రానైటు… అద్దం మాదిరి ఉండాదని మా పాప లోహితకు వీడియో తీసి పంపించినా. పాప హాస్టల్లో అందరికీ సూపించుకుంది.”

“నేను చెప్పినట్టు మాత్రం అనొద్దు. ఎవురడిగినా నేను లేదనే అంటా. బావ ఎదురుగా అడిగినా లేదంటా. నాకు పని ఇప్పించేది ఆయనే.”

“నిన్ను ఆయన కాడికి తీసకపోయి పనిలో పెట్టించింది ఎవురు?”

“నువ్వే.”

“మా తమ్ముడు, నమ్మకస్తుడు అని చెప్పిన నోరు ఇది. ఇంగొకటి చెప్పు. ఇంత వేడెక్కితే ట్రిప్పు స్విచ్చి పడిపోవాల గదా? కరెంటు దానంతటదే ఆగిపోవాల గదా?”

“మొదట్లో పడతా ఉండె. దినానికి రెండుసార్లు పడేది. గెస్టులు గొడవ చేస్తా ఉంటే బావ పెద్దది పెట్టించినాడు. అది ఇంగ పడదు. గోడలో వైరు బూడిదయినా పడదు.”

“కాపలా కుక్క అరస్తా ఉంటే నోరు కట్టేసినారు.”

“ఇది పద్ధతి కాదు బావా అని ఒకసారి చెప్పినా అక్కా.”

“ఒకసారి చెప్పినావా. మహానుభావుడివి.”

“మొత్తం అన్ని రూములూ అట్లే అని నేను అనలేదు సూడు. మొదటి అంతస్తు వేరేవాళ్ళతో చేయించినాడు, నాకు తెలీదు. 301 అయితే నేనే చేసినా. ఆడ ఈ కొస నుంచి ఆ కొస దాకా నాలుగే. ఎవురితోనైనా లాగించుకో. అమ్మవారి మీద ఒట్టు.”

“ఇప్పుడు అమ్మవారి పేరు మింగకుండా చెప్పినావే. 301లో ఏముండాది?”

“ఏముండాదంటే…”

“చెప్పు.”

“బావ మద్దేన్నం అన్నం తిని పడుకునేది ఆ రూములోనే గదక్కా. అక్కా? కూచో అక్కా. నీళ్ళు తాగు. మొకం ఎట్లనో అయిపోయింది.”

“గమ్మునుండు. ఆయన ఒళ్ళు వాల్చే చోట నాలుగు. ఊరోళ్ళ బిడ్డలు పడుకునే చోట ఒకటి. కొలిచినట్టు ఏయించినాడు.”

“నేను చెప్పిన పని చేసినోణ్ణి.”

“ఇమ్మానుయేల్ గూడా చెప్పిన పని చేసినోడే. వాడి పెట్టెలో ఎండుచేపల పొట్లం దొరికిందని ఆయన నాకు చెప్పినాడు. నేను పొట్లం సూడలా. రూములో వాసనొచ్చింది, ఆయన దొరికిందన్నాడు, నాకు అంతే సాలింది. ‘అది చేపల వాసన కాదమ్మా, గోడ సూడండమ్మా’ అంటా ఉండాడు వాడు, చాప ఎత్తుకుంటా. ‘మీవోళ్ళ ముక్కుకు అది కంపని తెలీదులే, పో’ అన్నా.”

“పొట్లం నిజంగా దొరికిందేమోలే అక్కా. వాళ్ళు తింటారు గదా.”

“నువ్వు తినవా? మీ అత్తోళ్ళింట్లో ఏందో చెప్పబోతివే ఇందాక.”

“అది వదిలెయ్ అక్కా. ఇప్పుడేం చేస్తావు? పెళ్ళోళ్ళకు ఏసీలు పనిచెయ్యడం లేదని చెప్పు. టేబుల్ ఫాన్లు అద్దెకు తెస్తా. ఒక్క రాత్రే గదా.”

“నేను చెప్తే? మీ బావ పక్కన నిలబడి నవ్వతాడు. ‘మా ఆడమనిషికి కరెంటంటే భయం’ అని తానే పోయి స్విచ్చులేస్తాడు. మెయిన్ తీసేసి అడ్డం నిలబడితే పిచ్చిదాన్నంటాడు. వైరింగు చేసినోడా, నువ్వు చెప్పరా అని నిన్ను పిలుస్తాడు. నువ్వేమంటావు?”

“…లేదంటా.”

“అదీ. నువ్వు లేదంటావు. కాబట్టి ఉంది అనే మాట ఆయన నోట్లోనుంచే రావాల. అదీ ధనంజయన్న ఇనేట్టుగా.”

“బావ నోట్లోనుంచా? అక్కా, పంటి నొప్పి వస్తే గూడా బయటికి చెప్పని మనిషి ఆయన.”

“సూస్తాం. నువ్వు ఆ మూల కూచో. దగ్గినావంటే సంపేస్తా. స్పీకరు పెడతా ఉండా… అల్లో?”

“నాగవేణీ! చెప్పు, చంద్రగిరి దాటినాం. ఒరే, పాటలు రవ్వంత తగ్గించండప్పా, ఇంటోళ్ళు ఫోను. ఆఁ, చెప్పు.”

“అందరూ వస్తా ఉండారా?”

“బస్సు నిండా ఉండారు. ధనంజయన్న నా పక్కనే కూచున్నాడు. పిల్లోళ్ళు డాన్సులు. నువ్వు అన్ని రూముల్లో ఏసీ ఏసి పెట్టు. తలుపు తీసే తలికి ఊటీ మాదిరి ఉండాల.”

“207లో ఇంగా వాసనొస్తా ఉండాది.”

“సెంటు కొట్టు. ఆ ఇమ్మానుయేల్ గాడి దరిద్రం ఇంగా వదల్లా మనల్ని.”

“గోడ గూడా కాలతా ఉండాది.”

“ఎండలకు గోడ కాలక సల్లగుంటాదా?”

“వైరు సన్నదేమోనని నాకు…”

“వైరు సంగతి నీకెందుకే? అంతా నాలుగే. కాయిళ్ళకు బొట్టు పెట్టింది నువ్వే గదా. సూడన్నా, మా ఇంట్లో ఇంజనీరు మా ఆడమనిషే!”

“ఏమీ కాదంటావు?”

“ఏమీ కాదు. నాదీ పూచీ. రూములు తెరువు.”

“సరే అయితే. నేనూ అట్లే అనుకున్నా. అందుకే పాపను లేపలా.”

“ఎవుర్ని?”

“లోహితను. హాస్టలుకు సెలవంట, పొద్దునే వచ్చింది. తలనొప్పిగుండాది, సల్లగా పడుకుంటా అనింది. 207లో పడుకుంది.”

“207లోనా? పాపను పైన పడుకోబెట్టొద్దని నేను చెప్పలా? ఎన్నిసార్లు చెప్పినా!”

“గెస్టుల మధ్యలో ఆడపిల్ల ఎందుకని గదా అన్నావు. ఈ పొద్దు గెస్టులెవురూ లేరే.”

“లేపు. కిందికి తీసకపో.”

“బస్సు వచ్చేదాకా పడుకోనీ. గడియేసుకోని ఏసీ బాగా పెంచుకుంది. లేస్తానే తలస్నానం చేస్తానని గీజరు గూడా ఏసుకుంది.”

“గీజరు గూడానా! నాగవేణీ, యాడుండావు నువ్వు?”

“కింద. పూలామె వచ్చింది. పెళ్ళోళ్ళకు మూరలు కొలిపిస్తా ఉండా.”

“పూలు పారెయ్! పైకి పో! తలుపు కొట్టు!”

“ఎందుకట్ల అరస్తావు? బస్సులో అందరూ ఇంటారు. ఏమీ కాదంటివి గదా ఇప్పుడే.”

“అంటుకుంటాదే! జాయింటు సరిగ్గా మంచం తలకాడనే ఉండాది!”

“ఏం జాయింటు? అంతా నాలుగే గదా.”

“నాలుగు కాదు, ఒకటి! పోయి మెయిన్ తీసెయ్!”

“207 ఒక్కదానికే తీస్తాలే. మిగతా రూములు సల్లబడతా ఉండాయి, పెళ్ళోళ్ళు వస్తారు గదా.”

“అన్నీ అంతే! 301 తప్ప అన్నీ అంతే! మొత్తం తీసెయ్!”

“నువ్వు ఉత్తిత్తికే కంగారు పడతా ఉండావు. కాలిన వాసన నాకూ వచ్చింది గానీ అది కరెంటుది కాదులే, చేపలది. ఇమ్మానుయేల్ పెట్టెలో పొట్లం నువ్వే గదా పట్టుకునింది?”

“పొట్లమూ లేదు, ఏమీ లేదు! వాడి పెట్టెలో బైబిలు, చొక్కాలు తప్ప ఏమీ లేవు! గోడ కాలతా ఉండాదయ్యా అని నా కాడికొచ్చి రెండుసార్లు చెప్పినాడు. ఇంగ నీ కాడికొస్తాడని నేనే చేపలన్నా! నువ్వు నమ్మితివి! ఇప్పుడు ఆ తలుపు పగలగొట్టి నా బిడ్డను బయటికి తియ్యి! నాగవేణీ! ఇనపడతా ఉండాదా? మాట్లాడవే! ఒరే, పాటలెందుకు ఆపేసినారు? ఏందన్నా… ఏందన్నా అట్ల సూస్తా ఉండావు?”

“లోహిత హాస్టల్లో ఉండాది. రూములో ఎవురూ లేరు, కరెంటూ లేదు. ఫోను ధనంజయన్నకియ్యి.”